గుత్ప అందినంత మేర

మా ఊరి ఇంట్లో వంటింటి దూలానికి రెండు ఇనుప కొక్కేలు ఉండేవి. వాటి మీద అడ్డంగా ఒక గుత్ప ఉండేది. ఏళ్ల తరబడి నూనె పట్టించగా నల్లబడిన వెదురు అది. రెండు చివర్లకూ ఇత్తడి పొన్నులు. నిలబెడితే సరిగ్గా తాత చెవి దాకా వచ్చేది. ఎవరి కర్ర వారి చెవిని అందుకోవాలని, అంతకు మించితే తిప్పడం కష్టమని, తగ్గితే దెబ్బకు బలం చాలదని తాత చెప్పేవాడు. దాన్ని దించడానికి మాకు అనుమతి లేదు. ఏడాదికి ఒక్కసారి, పీర్ల పండుగ ముందు, తాత తనే దించి, గుడ్డతో తుడిచి, నువ్వుల నూనె రాసి, ఒక పూట ఎండలో పెట్టి, మళ్లీ కొక్కేల మీద పెట్టేసేవాడు.

నకిరేకల్‌కు నాలుగు కోసుల దూరంలో ఉన్న మా ఊళ్లో, చావడి వెనుక, కర్రసాము నేర్పే ఒక తాలీంఖానా ఉండేది. పేరు పెద్దదే గాని, మూడు మట్టిగోడలూ ఒక రేకుల కప్పూ తప్ప అక్కడేమీ లేదు. కింద జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో నూనె, పసుపు కలిపి మెత్తగా చేసేవారు. 1977లో, నాకు పదకొండేళ్లప్పుడు, నాయన నన్ను అక్కడి వస్తాదు చేతిలో పెట్టాడు. అప్పటికే అరవై దాటిన మనిషి. సన్నగా, కొంచెం వంగి నడిచేవాడు. బజారులో చూసినవారెవరూ ఆయన చేతిలో ఇంత విద్య ఉందని అనుకోరు. కర్ర పట్టుకుంటే మాత్రం ఆ వంపు ఎక్కడికి పోయేదో తెలిసేది కాదు.

చేరిన మొదటి నలభై రోజులు ఆయన నా చేతికి కర్ర ఇవ్వలేదు. ముగ్గుపిండితో నేల మీద నాలుగు గీతలు గీసి, వాటి మీద అడుగులు వేయించాడు. ముందుకు రెండు, పక్కకు ఒకటి, వెనక్కి తిరిగి మళ్లీ ఒకటి. మడమ నేలకు ఆనితే చీపురుపుల్లతో పిక్క మీద కొట్టేవాడు. తోటి పిల్లలు గుత్పలు గిర్రున తిప్పుతుంటే నేను మాత్రం ముగ్గు మీద నడుస్తూ ఉండడం నాకు పెద్ద అవమానంగా తోచేది. ఇంటికి వచ్చి అమ్మతో ఏడ్చాను కూడా. కర్ర చేతికి వచ్చాక అయితే పండుగే పండుగ. తల చుట్టూ, నడుము చుట్టూ, కాళ్ల కింద నుంచీ తిప్పడం వచ్చేసరికి ఏడాది పట్టింది. ఆ మరుసటి పీర్ల పండుగకు, అలాయి గుండం ముందు, డప్పుల మోతకు, నిప్పుల వెలుగులో నేను గుత్ప తిప్పినప్పుడు మా వాడకట్టు ఆడవాళ్లంతా చూసి మెచ్చుకున్నారు. చుట్టూ నిలబడ్డ కుర్రాళ్లు చిన్న రాళ్లు రువ్వుతుంటే వస్తాదు తిరుగుతున్న కర్రతోనే వాటిని కొట్టి పడేశాడు. ఆ ఏడాది ఒక్క రాయి కూడా ఆయనకు తగలలేదని ఇప్పటికీ నా నమ్మకం, అయితే పన్నెండేళ్ల పిల్లవాడి కళ్లు ఎంతవరకు సాక్ష్యమవుతాయో చెప్పలేను.

ఆ రాత్రి ఇంటికి నడుస్తూ నేను ఆయనను అడిగిన ప్రశ్న, దానికి ఆయన ఇచ్చిన జవాబు నా వెంట నలభై ఏళ్లు నడిచాయి.

"వస్తాదూ, ఎదుటోడు తుపాకి తెస్తే ఏం జెయ్యాలె?"

"ఉరకాలె బిడ్డా."

రాళ్లను కొట్టి పడేసిన మనిషి నోట ఆ మాట వినేసరికి నాకు నోరు పెగలలేదు. ఆయన నవ్వలేదు. ఇంకొంత దూరం నడిచాక తనే అందుకున్నాడు. "సక్కగ ఉరకొద్దు. పక్కకు ఉరుకు. గోడ జూస్కో, చెట్టు జూస్కో, బండ జూస్కో. నలభై దినాలు నీతోని అడుగులెందుకు ఏపిచ్చిన మల్ల?"

నాకు ఆ జవాబు నచ్చలేదు. తాతకు చెప్పి, వస్తాదు పిరికివాడన్నట్టుగా మాట్లాడాను. తాత నన్ను కొట్టలేదు గాని, గుత్పకేసి చూసి ఒక మాట అన్నాడు: "గుత్ప అందినంత మేర మనది రాజ్యం. దాని అవుతల తుపాకోనిది. గది నాకు ఎర్కయ్యేటాలకు మా దోస్తులు ఇద్దరు బోయిన్రు."

తాత సంఘంలో పనిచేసిన మనిషి. నిజాం పాలనలో దొరల మీద పోరాడిన ఆంధ్ర మహాసభను మా వైపు జనం సంఘమనే పిలిచేవారు. కార్యకర్తల చేతుల్లో గుత్పలు ఉండేవి గనుక గుత్పల సంఘమని కూడా అనేవారు. 1944లో భువనగిరి సభ జరిగాక ఊరూరా అది పాకింది. వెట్టి చేసేది లేదని, అక్రమంగా తీసుకున్న భూములు వదలమని అడిగే జనం పదిమంది గుత్పలు పట్టుకొని నిలబడితే, దొర గుమాస్తాలు వెనక్కి తగ్గిన రోజులు ఉన్నాయని తాత చెప్పేవాడు. ఎదుటివాడి చేతిలో కూడా కర్రే ఉన్నంత కాలం, ఎక్కువ మంది ఉన్న పక్షానిదే గెలుపు. ఆ లెక్క 1946 జూలై 4న కడివెండిలో తప్పింది. అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉన్న ఆ ఊళ్లో, విసునూరు దొర మనుషుల మీదికి ఊరేగింపుగా వెళ్లిన జనం చేతుల్లో కర్రలు ఉన్నాయి, వడిసెలలు ఉన్నాయి. ఎదుటి నుంచి తుపాకులు పేలాయి. సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య అక్కడే పడిపోయాడు. ఆ రోజు ఊరేగింపులో ఎంత చేయి తిరిగిన కర్రసాముగాడు ఉన్నా కొమరయ్యను కాపాడగలిగేవాడు కాదని, గుండు బయలుదేరిన చోటికీ కర్ర చివరకూ మధ్య ఉన్న దూరాన్ని ఏ విద్యా పూడ్చలేదని తాత ఎన్నోసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా చేత్తో దూలం వైపు చూపించేవాడు.

1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన తరువాత సంఘం గుత్పల దగ్గర ఆగిపోలేదు. గడీల మీద దాడులు చేసి తుపాకులు తెచ్చుకుంది. వేటగాళ్ల దగ్గరి బర్మార్లు కూడా దళాలకు చేరాయి. తాత దళంలో కబురు మోసినవాడే గాని పోరు చేసినవాడు కాదు. అయినా ఒకసారి బర్మారు పేల్చాడట. గొట్టంలో మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, రవ్వలు వేసి, మళ్లీ పేలిక పెట్టి, ఇనుపచువ్వతో దట్టించి, ఆ పైన పేల్చాలి. చేయి తిరిగినవాడికైనా అర నిమిషం పట్టే పని. వాన పడితే మందు నాని, అది తుపాకి కాదు, ఇనుప కర్ర. "ఒక్కపారి పేల్చినంక మల్ల గుత్పే గతి," అని తాత నవ్వేవాడు. వడిసెల సంగతి వేరు. చేను కాపలాకు మంచె మీద నుంచి పిట్టలను కొట్టే ఆ తాటి పీలిక కర్ర చేరలేని దూరానికి రాయిని పంపుతుంది, ఒకటి తరువాత ఒకటి, చప్పుడు లేకుండా. మా ఊరి పనిముట్లలో తుపాకితో కొంచెమైనా దూరంలో పోటీ పడగలిగింది అదొక్కటేనని నాకు అనిపిస్తుంది.

బైరాన్‌పల్లి గురించి తాత తక్కువ మాట్లాడేవాడు. అది ఆయన ఊరు కాదు, ఆ రోజు ఆయన అక్కడ లేడు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఆ ఊరి నడుమ ఒక బురుజు ఉంది. ఊరివాళ్లు దాని మీద కాపలా పెట్టి, రజాకార్లు వస్తే నగారా మోగించి, బర్మార్లతో, వడిసెలలతో, రోకళ్లతో, కారంపొడితో ఒకటికి రెండుసార్లు తిప్పికొట్టారు. సాయుధ ఆత్మరక్షణ అనే మాటకు మా ప్రాంతంలో అంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. 1948 ఆగస్టు 27న నిజాం సైన్యంతో కలిసి రజాకార్లు ఫిరంగులు తెచ్చారు. తొంభై మందికి పైగా చనిపోయారు. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. తరువాత ఎప్పుడో తాత ఆ బురుజు చూడటానికి వెళ్లాడు. దాని గోడ మీద చేయి పెట్టి వచ్చానని తప్ప మరేమీ చెప్పలేదు. గుత్పకు బర్మారు, బర్మారుకు ఫిరంగి, అని మాత్రం ఒకసారి వేళ్లు మడిచి లెక్క పెట్టాడు.

ఆ రోజుల్లో గుండు తగలకుండా తాయెత్తులు కట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారని తాత చెప్పినప్పుడు నేను నవ్వాను. తరువాత నల్లగొండలో డిగ్రీ చదువుతుండగా చైనా చరిత్ర పాఠంలో 1900 నాటి బాక్సర్ల తిరుగుబాటు వచ్చింది. ముష్టియుద్ధం, మంత్రాలు కలిపి సాధన చేసి, తుపాకిగుండ్లు తమ ఒంటికి తగలవని నమ్మి, విదేశీ సైన్యాల ఎదుట నిలబడిన యువకుల కథ అది. పాఠం చెబుతున్న మాస్టారు మూఢనమ్మకమని రెండు వాక్యాలలో తేల్చి ముందుకు వెళ్లారు. నాకు మాత్రం మా ఊరి తాయెత్తులు కళ్ల ముందు కదిలాయి. ఒంటిని అంతగా కష్టపెట్టి సాధన చేసినవాడికి ఆ ఒళ్లు తనను మోసం చేయదనే నమ్మకం దానంతట అదే వస్తుంది. ఆ జబ్బు కొంచెం నాకూ ఉండేది గనుక చెబుతున్నాను.

అది కరాటే జబ్బు. బ్రూస్ లీ చనిపోయి అప్పటికి పదేళ్లు దాటినా, నల్లగొండ గోడల మీద, సెలూన్ల అద్దాల పక్కన ఆయన బొమ్మలు ఇంకా ఉండేవి. 1984లో క్లాక్‌టవర్ సెంటర్‌కు దగ్గరలో ఒక పాఠశాల ఆవరణలో సాయంత్రాలు తరగతులు నడిచేవి. తెల్ల దుస్తులు, నడుముకు పట్టీ, జపాను భాషలో లెక్క. కర్రసాము నాకు అప్పటికి ఊరి విద్యగా, కొంచెం మోటుగా కనిపించసాగింది. రెండేళ్లలో గోధుమరంగు పట్టీ దాకా వచ్చాను. మా శిక్షకుడు హైదరాబాదు నుంచి వారానికి రెండుసార్లు వచ్చేవాడు. ఒక రోజు ఆయన కొయ్య పిస్తోలు తెచ్చి, దాన్ని ఎలా లాక్కోవాలో చూపించాడు. ఎదుటివాడు చేయి పూర్తిగా చాచి, పిస్తోలు మన ఛాతీకి ఆనించి, రాయిలా నిలబడతాడు. మనం నడుము తిప్పి, గొట్టం దారి నుంచి ఒంటిని తప్పించి, మణికట్టు పట్టి, మెలితిప్పి లాక్కుంటాం. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. చప్పట్లు కొట్టాం.

తరగతి చూడటానికి వచ్చిన ఒక విద్యార్థి తండ్రి సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. "నేనొక్కసారి పట్టుకుంట, ఏమనుకోవద్దు సార్," అని మర్యాదగానే అడిగాడు. మరునాడు పిల్లల నీళ్ల పిస్తోలులో కుంకుమ కలిపిన నీళ్లు నింపి తెచ్చాడు. చేయి చాచలేదు. పిస్తోలును తన నడుము దగ్గరే పెట్టుకొని, రెండు బారల దూరంలో నిలబడ్డాడు. శిక్షకుడు ఎనిమిదిసార్లు ప్రయత్నిస్తే ఆరుసార్లు తెల్ల దుస్తుల మీద ఎర్రమరక పడింది. మిగిలిన రెండుసార్లు తను కావాలనే ఆలస్యం చేశానని హవల్దారు నాకు తరువాత చెప్పాడు. ఆ పాఠం మళ్లీ మా తరగతిలో జరగలేదు. ఎందుకు జరగలేదో కూడా ఎవరూ చెప్పలేదు. నా ఫిర్యాదు అక్కడే. తుపాకి ముందు తన విద్య ఓడిందన్న విషయంలో ఆయన తప్పేమీ లేదు. ఓడిన సంగతి పిల్లలకు చెప్పకుండా, నల్లపట్టీ పరీక్షలో మాత్రం అదే కొయ్య పిస్తోలును మళ్లీ బయటికి తీయడమే నాకు మింగుడుపడలేదు.

న్యాయం మాట్లాడాలంటే ఆ పట్టు పూర్తిగా అబద్ధం కాదు. పిస్తోలు ఒంటికి ఆనించి ఉన్నప్పుడు, వేరే దారి లేనప్పుడు, మన కదలికను కన్ను పసిగట్టి ఎదుటివాడి వేలు స్పందించడానికి సెకనులో ఐదో వంతైనా పడుతుంది గనుక, ఆ కాస్త వ్యవధిలో ఒంటిని తప్పించే అవకాశం ఉంటుంది. పిస్తోలు చేతికి అందనప్పుడు అదే లెక్క తిరగబడుతుంది. మామూలు పిస్తోలు గుండు సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. 20 అడుగులు, అంటే ఆరు మీటర్లు, దాటడానికి దానికి పట్టే కాలం మన కన్ను చూసి ఒళ్లు కదలడానికి పట్టే కాలంలో పదో వంతు కూడా కాదు. రాయిని కర్రతో కొట్టిన వస్తాదుకు ఈ లెక్కలు రావు. కానీ రాయి కనిపిస్తుంది, గుండు కనిపించదు అన్న తేడా ఆయనకు బాగా తెలుసు.

తుపాకి మన చేతిలోనే ఉంటే సరిపోతుందా అన్న ప్రశ్నకు జవాబు మా చిన్నాయన దగ్గర దొరికింది. దేవరకొండ వైపు ఆయనకు బత్తాయి తోట ఉండేది. అడవిపందుల బెడదకు పన్నెండు బోరు ఒంటిగొట్టం తుపాకికి లైసెన్సు తీసుకున్నాడు. 1994 ఎన్నికలప్పుడు, అందరి లాగే, దాన్ని పోలీసు ఠాణాలో జమ చేశాడు. సరిగ్గా ఆ నెలలోనే ఒక రాత్రి నలుగురు మనుషులు బావి మోటారు కోసం వచ్చారు. చిన్నాయన చేతిలో ఉన్నవి బ్యాటరీ లైటూ, పశువులను తోలే కర్రా. లైటు వేసి అరిచాడు, పారిపోతారనుకున్నాడు, పారిపోలేదు. మణికట్టు విరిగింది, మోటారు పోయింది. నేను చూడటానికి వెళ్తే, కట్టుకట్టిన చేయి ఒళ్లో పెట్టుకొని, తుపాకి ఉంటేనా, తుపాకి ఉంటేనా అని అదే మాట తిరగేస్తున్నాడు.

పక్కన కూర్చున్న వకీలు, మాకు దూరపు బావ వరస, ఆయన మాటకు అడ్డుపడ్డాడు. "ఉంటే ఏమయ్యేది మామా? మోటారు పట్టుకొని ఉరికేటోన్ని కాలిస్తే నువ్వు లోపలుందువు." భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయని, అయితే రక్షణకు అవసరమైనంత కంటే ఎక్కువ హాని చేయకూడదని, ఉత్త దొంగతనానికి ప్రాణం తీసే హక్కు లేదని, ప్రాణం పోతుందనో తీవ్రమైన గాయం అవుతుందనో సహేతుకమైన భయం ఉంటేనే అంత దూరం వెళ్లవచ్చని ఆయన ఓపికగా చెప్పాడు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవే 34 నుంచి 44 సెక్షన్లయ్యాయి. చిన్నాయన అంతా విని, "మరి చీకట్లో నాకు ఎట్ల తెల్వాలె వాడు ఉరుకుతుండో, మీదికొస్తుండో?" అన్నాడు. ఆ ప్రశ్నకు వకీలు దగ్గర జవాబు లేదు. ఎన్నికలయ్యాక తుపాకి ఇంటికి వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలన్న తగాదా మాత్రం తెగలేదు. బీరువాలో పెట్టి తాళం వేస్తే రాత్రిపూట అందదు, మంచం పక్కన పెడితే ఇంట్లో మనవలు ఉన్నారు. చివరికి లైసెన్సు తిరిగి కొత్త చేయించుకోకుండా తుపాకిని అప్పగించేశాడు. కుక్కలను పెంచాడు, బావి దగ్గర పెద్ద దీపం పెట్టించాడు.

అప్పటికే, 1993 జనవరి 27న, హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో సాయంత్రం పరుగెత్తుతున్న పోలీసు అధికారి వ్యాస్‌ను నక్సలైట్లు కాల్చిచంపారు. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ పోలీసు దళాన్ని నెలకొల్పినవాడు ఆయన. శిక్షణ అన్న మాటకు ఆయన పేరే ప్రమాణంగా చెప్పుకునే రోజులవి. వార్త విన్నప్పుడు నేను కరాటే మానేసి చాలా కాలమైంది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అన్నిటికంటే దగ్గరగా వచ్చింది సూర్యాపేట. 2015 ఏప్రిల్ 1 రాత్రి, మా జిల్లాలోనే అప్పుడున్న సూర్యాపేట బస్టాండులో, బస్సులు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు మనుషులు హఠాత్తుగా పిస్తోళ్లు తీసి కాల్చారు. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు చనిపోయారు. నాలుగో తేదీన జానకీపురం దగ్గర ఆ ఇద్దరూ ఎదురుకాల్పుల్లో చనిపోయారు. అక్కడ మరో కానిస్టేబులు, కొద్ది రోజులకు ఒక ఎస్సై ప్రాణాలు కోల్పోయారు. అదే బస్టాండులో నేను వందసార్లు టీ తాగి ఉంటాను. వార్తల్లో ఆ అరుగు చూపించినప్పుడు, ఆ చోట నేను ఉంటే ఏ అడుగు వేసేవాడిని అన్న ఆలోచన తప్ప మరేదీ రాలేదు.

ఆ నెలలోనే వస్తాదు మనవడు, నా ఈడువాడే, నల్లగొండకు వచ్చాడు. మాటల్లో నేను ఎప్పుడో చదివిన సంగతి చెప్పాను. అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీలో డెనిస్ టుల్లర్ అనే పోలీసు సార్జంటు 1983లో ఒక పరీక్ష గురించి రాశాడు. కత్తి పట్టుకొని 21 అడుగుల దూరం నుంచి ఉరికి వచ్చే మనిషి ఒకటిన్నర సెకన్లలో మీద పడతాడు. ఒరలోని పిస్తోలు తీసి పేల్చడానికి పోలీసుకు ఇంచుమించు అంతే పడుతుంది. తుపాకికి కూడా ఒక మేర ఉందన్నమాట, దాని లోపలికి వచ్చేస్తే గుత్పదే పైచేయి కావచ్చు. మనవడు నమ్మలేదు. మేమిద్దరం తెల్లవారుజామున అవుట్‌డోర్ స్టేడియానికి వెళ్లి, ఏడు గజాలు కొలిచి, చెప్పులతో గీత గీసి, ఫోనులో సెకన్లు చూసుకుంటూ ఉరికాము. నాకు రెండు సెకన్లకు కాస్త ఎక్కువ పట్టింది, అతనికి ఇంకొంచెం ఎక్కువ, మోకాలు పట్టేసింది. నడకకు వచ్చిన పెద్దమనుషులు ఆగి మమ్మల్ని వింతగా చూశారు.

"తుపాకి వాని చేతిలనే ఉంటే, ఒరలో లేకపోతే?" అని మనవడు గడ్డి మీద కూర్చొని మోకాలు రుద్దుకుంటూ అడిగాడు.

"అప్పుడు మీ తాత చెప్పిందే," అన్నాను.

తాత పోయాక పాత ఇల్లు పడగొట్టినప్పుడు గుత్పను నేను తెచ్చుకున్నాను. ఇప్పుడు అది నల్లగొండ ఇంట్లో తలుపు వెనుక నిలబడి ఉంది. నాకు చెవి దాకా రాదు, గడ్డం దగ్గరే ఆగిపోతుంది. సూర్యాపేట బస్టాండులో దిగినప్పుడల్లా టీ కొట్టుకు వెళ్లకముందే నా కళ్లు స్తంభాలను లెక్కపెడతాయి. కుడి పక్కన మూడు, టిక్కెట్ల గది గోడ, దాని వెనుక చిన్న సందు. కాళ్లు వాటంతట అవే మడమలు ఎత్తి నిలబడతాయి.